తూము లేని ప్రహరీ

బుల్లియ్యకి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? ఇరవై ఏళ్ళుగా కొవ్వూరు చుట్టుపక్కల తాపీ పట్టినవాడు. పిల్లలు పడిపోకుండా మేడమీద పిట్టగోడ కట్టాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అడ్డుగోడలూ కట్టాడు. దొంగలూ గేదెలూ రాకుండా ప్రహరీ కట్టించుకునేవాళ్ళు బోలెడుమంది. వాననీటిని ఆపడానికి ప్రహరీ కట్టించినవాడు మాత్రం అచ్చిబాబుగారొక్కరే!

ఆయన ఖాళీ స్థలం బుల్లియ్య ఇంటి వెనకే. పేటలో పడ్డ వానంతా దానిమీంచే మురుక్కాలవలోకి పోతుంది. వేసవిలో కాలవవైపు గేటు వదిలి, దాని చుట్టూ ప్రహరీ కట్టమన్నారు.

"మా ఇంటివైపు గోడకి రెండు తూములు వదుల్తానండి. నీళ్ళు పోవాలి కదండీ," అన్నాడు బుల్లియ్య.

"నైరుతిలో కన్నమా! సిద్ధాంతిగారు ససేమిరా వద్దన్నారు."

"నీళ్ళకి వాస్తు తెలీదు కదండీ."

"చేతకాకపోతే చెప్పు, రాజరత్నాన్ని పిలుస్తాను."

రాజరత్నమా! మేక రాసుకుంటే ఊగే గోడలు వాడివి. బుల్లియ్యకి రోషం పొడుచుకొచ్చింది. సిమెంటు మామూలుకన్నా ఎక్కువ కలిపి, తూము లేకుండా, కొండలాంటి గోడ లేపాడు.

"ఏమయ్యా, మనవి మట్టిగోడలని మర్చిపోయావా?" అంది భార్య సంపూర్ణమ్మ. ఊళ్ళో అందరికీ ఇటుకగోడలు కట్టినవాడు తను మాత్రం మట్టింట్లోనే ఉంటున్నాడు. ఆ మాటకి విసుక్కుని లేచిపోయాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. రెండో రోజుకే పెరట్లో మోకాల్లోతు నీళ్ళు. మట్టిగోడ అడుగు నాని మెత్తబడుతోంది. బుల్లియ్య తడుస్తూ అచ్చిబాబుగారింటికి పరిగెత్తాడు.

"రెండిటుకలు తీయనివ్వండి బాబూ, ఇల్లు పోతుంది!"

"సిద్ధాంతిగారు పిఠాపురం వెళ్ళారు. రానీ, అడిగి చెబుతాను."

ఆయనకి చెప్పడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం. మూడో రోజు పొద్దున్నే బుల్లియ్య ఉలీ సుత్తీ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. ఎంత కొట్టినా పెచ్చు కూడా ఊడదే! ఛీ, ఎందుకింత గట్టిగా కట్టాను దీన్ని, అని తనని తనే తిట్టుకున్నాడు. అరిచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నానికి ఇటుకొకటి కదిలింది. దానిపక్కది లాగాడు. నీళ్ళు బుసకొడుతూ అటు దూకాయి.

"పోతున్నాయే సంపూర్ణం!" అని అరిచాడు.

వెనకాల దభీమని చప్పుడైంది. చూస్తే ఇంటి గోడ ఒరిగి నీళ్ళలో పడిపోయి ఉంది. సంపూర్ణమ్మ సామాన్లు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఆవిడ అనేస్తే ఎంతో బావుండుననిపించింది బుల్లియ్యకి.

చప్పుడు విని అచ్చిబాబుగారు గొడుగేసుకుని వచ్చారు. పడిపోయిన ఇంటివైపు చూడనేలేదు.

"ఎంత పని చేశావురా! వాన తగ్గగానే ఆ కన్నం పూడ్చెయ్."

"ఆయ్, అలాగేనండి," అనబోయాడు అలవాటుకొద్దీ.

"రెండు తూములని మొదట్లోనే చెప్పానండి," అంటూ ఉలిని పక్క ఇటుకకి ఆనించి సుత్తి ఎత్తాడు.