చిన్నమ్మ బోర్లించిన కోడికూర

మొన్న ఖమ్మంలో పాత పుస్తకాల బండి దగ్గర అట్ట ఊడిన నవల ఒకటి చేతికి తగిలింది. తెరవగానే తడిసి ఆరిన కాగితం, ఎండిన జిగురు, బొద్దింకలు కలిసిన కంపు ముక్కుకు కొట్టింది. రాజుల కాలం కథ. పెళ్లిళ్లు కుదర్చడమే పనిగా పెట్టుకున్న ఒక దూతిక ఒక రాకుమారి పటాన్ని ఇంకొకరికి పంపి, రాజుల్ని తికమక పెట్టి, చివరికి అందరినీ ఒకే పందిట్లో కూర్చోబెడుతుంది. అంతా నవ్వులాటే. చిన్నప్పుడు ఈ నవలంటే ప్రాణం పెట్టేదాన్ని, ఇప్పుడు నాలుగు పేజీలు తిప్పేసరికి ఛీ అనిపించింది.

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట మా అమ్మమ్మ ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎండాకాలం సెలవులంటే నాకు అక్కడే: ఇంటి నిండా బీడీల కోసం కోసుకొచ్చిన తునికాకు కుప్పలు, వాటి పచ్చి వగరు వాసన, కట్టలకు నార నానబెట్టిన బొక్కెన, నాలుక మొద్దుబారేదాకా తిన్న తునికిపండ్లు, మధ్యాహ్నాలు తాటిముంజలు, మోచేతుల దాకా కారిన ఆ నీళ్లకు ముసిరే ఈగలు. మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, పదో తరగతి పాసై ఇంట్లోనే ఉండేది. సత్తుపల్లి నుంచి అద్దెకు తెచ్చిన ఆ నవలను ఆమె పైకి చదువుతుంటే మేం ఆకు కట్టలు కట్టేవాళ్లం. దూతిక మాటలు ముక్కుతో పలికేది, ముసలి రాజు మాటలకు బుగ్గలు పూరించేది, నవ్వాగక తానే పుస్తకం మొహాన కప్పుకునేది.

మా ఊళ్లోనూ ఒక పెళ్లిళ్ల పేరయ్య ఉండేవాడు. జర్దా పాన్ నమిలి మా గోడ మూలనే ఉమ్మేవాడు. పచ్చడి గిన్నెలో వేలు పెట్టి నాకి, అదే వేలు మళ్లీ ముంచేవాడు. ఆయన చిన్నమ్మకు తెచ్చిన సంబంధం బొగ్గుబాయిలో నౌకరి చేసే మనిషి. మొదటి భార్య పోయింది, చిన్నమ్మకు రెట్టింపు వయసు, పొద్దున్నే నోట్లోంచి సారా కంపు. చాప మీద కూర్చుని, సంతలో గొడ్డును చూసినట్టు చిన్నమ్మ చేతులు తిప్పి తిప్పి చూసి, ఈ ఆకు మరకలు పోతాయా అని అమ్మమ్మను అడిగాడు.

"నాకొద్దే అమ్మా, ఆ వాసనకే కడుపుల దేవుతంది," అంది చిన్నమ్మ పొయ్యి దగ్గర.

"బాయిల నౌకరి ఊకెనే దొరుకుతదా? నోర్మూస్కొని కూర చూడు," అంది అమ్మమ్మ.

మావైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్ల నచ్చితేనే మగపెళ్లివారు ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటారు. ఆ ఇంటి తిండి పెళ్లికొడుకు నోట పడిందంటే మాట ఖాయమైనట్టే, ఇక ఎవరూ వెనక్కి పోకూడదు. చిన్నమ్మకు నవల్లోలాంటి ఉపాయం తట్టింది. మోదుగ విస్తర్లు పరిచాక, కోడికూర గిన్నె పట్టుకొస్తూ, గడప దగ్గర కావాలనే తూలి కూరంతా వాకిట్లో బోర్లించింది. నా వైపు ఒక్క చూపు చూసింది. ముక్కలేని కూటికి మమ్మల్ని పిలిచారా అని పెళ్లికొడుకు మొహం ముడుచుకుని చెప్పులేసుకున్నాడు.

పేరయ్య ఊరుకోలేదు. పేడకళ్ల పక్కన పడ్డ కాలిముక్కను ఏరి, చెమట పంచెకు తుడిచి, ఇంకా మట్టి వదలకుండానే తీసుకెళ్లి పెళ్లికొడుకు నోట్లో కుక్కాడు. ఆయన నమిలి మింగాడు.

"ముట్టిండు! అయిపాయె, ఖాయం!" అని పేరయ్య అరిచాడు. వాకిలంతా పగలబడి నవ్వింది. అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. చిన్నమ్మ ఖాళీ గిన్నెతో గడపలోనే నిలబడిపోయింది. ఆకుల సీజను ముగిసేలోపే పెళ్లి చేసేశారు.

ఇప్పుడు ఆ పేరయ్యలు లేరు, ఆ పద్ధతీ లేదు. ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నారు, పీడ పోయింది. మా వాళ్ల పెళ్లిళ్లలో మాత్రం ఆ కోడిముక్క కథ చెప్పుకుని ఇప్పటికీ ఇకిలిస్తారు, నాకేమో ఒళ్లు మండిపోతుంది. ఈమధ్య మధిరలో జరిగిన పెళ్లి భోజనాల్లో అందరూ కలిసి చిన్నమ్మనే చెప్పమన్నారు. ఆమె కాదనలేదు. దగ్గుతూ కూర్చున్న చిన్నాయనకు నీళ్ల గ్లాసు అందించి, నవ్వుతూ మొదలుపెట్టింది.

"కూర తెస్తున్ననా, గడపల కాలు జారింది," అంది.

తలెత్తి ఆమె మొహం చూశాను. ఆమె నా వైపు చూడలేదు.