రోసా వేళ్లు, రాజవ్వ గిన్నెలు

2023 ఆషాఢమాసం. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వెళ్లే దారిలో, ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో మా ఆధార్ సెంటర్. నేనక్కడ సహాయకురాలిని. అయిదో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ వేళ్ల సంగతి అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాను. వచ్చినవాళ్ల చేతులు తుడిపించి, మెషిన్ మీద సరిగ్గా పెట్టించడమే నా పని.

ఆ మెషిన్‌ను ఫింగర్‌ప్రింట్ స్కానర్ అంటారు. ముందు ఒక చేతి నాలుగు వేళ్లు, తర్వాత రెండో చేతివి, ఆఖరికి బొటనవేళ్లు పెట్టాలి. గీతలు బాగా పడితే తెర మీద పచ్చరంగు వస్తుంది. పడకపోతే ఎరుపు.

ఆ రోజు వచ్చినామె పేరు రోసా. ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. మస్కట్‌లో పనిచేసేటప్పుడు, అక్కడే డ్రైవర్‌గా ఉన్న గౌలిగూడ అతన్ని పెళ్లి చేసుకుంది. అతను ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. రోసా మాత్రం నాలుగేళ్ల పాప నిత్యను తీసుకుని అత్తగారింటికి వచ్చేసింది. అత్త రాజవ్వకు గౌలిగూడలో చిన్న మెస్ ఉంది. బస్సు డ్రైవర్లు, హమాలీలు అక్కడే తింటారు.

వేరే దేశం వాళ్లకు ఆధార్ కావాలంటే ఇక్కడ ఆరు నెలలన్నా ఉండి ఉండాలి. అందుకే ఒకసారి వచ్చి తిరిగి వెళ్లారు. ఈసారి నెలలు నిండాయి. పాస్‌పోర్టు, వీసా, పోలీసు ఆఫీసు పర్మిట్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. తొందర పాప బడి గురించి. బడివాళ్లు పాప ఆధార్ అడిగారు. అయిదేళ్లలోపు పిల్లలకు ఆధార్ చేయాలంటే తల్లో తండ్రో తమ నంబర్ ఇచ్చి వేలు పెట్టాలి. తండ్రి దేశంలో లేడు. అంటే ముందు రోసాకు రావాలి, తర్వాతే పాపకు. ఆగస్టు ఆఖరు దాకా సీటు ఆపుతానని బడి మేడమ్ మాట ఇచ్చిందట.

రోసా చేతులు చాపింది. పది వేళ్లకూ తొడుగుల్లా గోరింటాకు! మొదటి కణుపు దాకా నల్లగా పండింది.

"ఎట్ల పండింది సూడమ్మా!" అంది రాజవ్వ మురిసిపోతూ. "నిన్న రాత్రి నేనే పెట్టిన. సర్కారు నంబరు తీసుకునే పిల్ల, ఉత్త చేతులతోని పోతదా?"

కంప్యూటర్ ముందు కూర్చునే మా శ్రీధర్ సారు మెషిన్ వైపు చెయ్యి చూపించాడు. నేను చేతులు తుడిపించి పెట్టించాను. ఎరుపు. మళ్లీ ఎరుపు.

"అత్తమ్మా, గోరింటాకు మంచిగ అయింది, పని ఖరాబ్ అయింది" అంది రోసా. ఆరు నెలల్లో రాజవ్వ నేర్పిన తెలుగు అది.

రాజవ్వ ఆమె చెయ్యి పట్టి కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. "రాయి పెట్టి రుద్దితే పోతది, రా."

"రుద్దకు పెద్దమ్మా! ఉన్న గీతలు గూడ పోతయి" అని అడ్డం పడ్డాను. అప్పుడే రోసా వేళ్లు నిమిరి చూశాను. తప్పంతా గోరింటాకుది కాదు. కొనలు గాజులా నున్నగా ఉన్నాయి. మెస్‌లో పొద్దున, సాయంత్రం గిన్నెలన్నీ ఆమే తోముతోంది. అరిగిన తోలు మీద గోరింటాకు పడి ఇంకా బిగుసుకుంది.

"ఇట్లనే పంపితే దరఖాస్తు వాపస్ వస్తది. కొత్త స్లాట్ నెల దాటినంకనే దొరుకుతది" అన్నాడు సారు. స్లాట్ అంటే ముందుగా రాయించుకునే వంతు. రిజిస్టరు తిరగేసి, "శుక్రవారం సాయంత్రం మూసే ముందు రాండ్రి, చేస్త" అన్నాడు.

"రంగు పోకున్నా ఫికర్ లేదు, తోలు మెత్తబడితే చాలు" అని రోసాకు చెప్పాను. "మూడు రోజులు గిన్నెలు తోమకు, పొద్దుమాపు కొబ్బరినూనె రాయి." ఆమె తల ఊపింది. ఆ తల ఊపుడు నాకు బాగా తెలుసు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు అలాగే ఊపి వెళ్తారు, అవే వేళ్లతో తిరిగొస్తారు. ఈసారి రాజవ్వ వైపు తిరిగాను.

"పెద్దమ్మా, నీకే చెప్తున్న."

"మూడొద్దులా? మా మెస్‌ల గిన్నెలు ఎవలు తోముతరు, నీ మెషినా?"

"మరి పాప బడి?"

రాజవ్వ బెంచీ మీద నిద్రపోతున్న నిత్యను చూసింది. "నేనంటే ఏలిముద్ర ఏసుకుంట బతికిన. దీనికి గా బాధ వద్దు. నేనే తోముత, పో."

శుక్రవారం వచ్చారు. రాజవ్వ నడుము పట్టుకుని మెట్లెక్కింది. మొదటి రోజు గిన్నెలతోనే ఆమె పని అయిపోయిందట. రెండో రోజు నుంచి విస్తరాకుల్లో పెట్టింది.

"డ్రైవర్లు నవ్వుడే నవ్వుడు. ఏంది రాజవ్వా, ఎవరి పెండ్లి, మాకు పత్రిక గూడ ఇయ్యవా అంటున్రు" అని చెప్పింది.

ఎడమచేయి పెట్టగానే పచ్చరంగు వచ్చింది. కుడిచేయి ఒకసారి ఎరుపు చూపించింది. తడిగుడ్డతో అద్ది, మెల్లగా నొక్కిపెట్టాను. పచ్చ. బొటనవేళ్లూ పచ్చే.

"అయింది గదా! ఇగ నడువ్, ఇంటికాడ గిన్నెలు ఎదురుసూస్తున్నయి" అంది రాజవ్వ.

రోసా తాపీగా కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంక ఒకసారి వేలు పెట్టాలె గద అత్తమ్మా, పాపకు. అప్పటిదాక నేను తోమ."

శ్రీధర్ సారు కూడా నవ్వాడు. "ఏ దేశందైతేంది, ఇది పక్కా గౌలిగూడ కోడలే" అని రాజవ్వ ఆమె వీపు మీద చరిచింది.

రోసా నంబర్ ఆగస్టు మొదట్లో వచ్చింది. ఆ వారమే నిత్యను తీసుకొచ్చారు. తల్లి వేలు ఒక్కసారికే పట్టింది. నెలాఖరులోపు పాప బడిలో చేరింది.

అంతకుముందు నేను వేళ్లు మాత్రమే చూసేదాన్ని. చేతులకు విశ్రాంతి ఇవ్వమని ఆ చేతులవాళ్లకే చెప్పేదాన్ని. విశ్రాంతి వాళ్ల చేతుల్లో ఉండదని ఈ కేసుతో తెలిసింది. ఇప్పుడు అరిగిన వేళ్లతో ఎవరన్నా వస్తే, వెంట వచ్చినవాళ్లను దగ్గరికి పిలుస్తాను. "మూడు రోజులు ఇంట్ల గిన్నెలు ఎవరు తోముతరు?" అని అడుగుతాను. ఎవరో ఒకరు "నేను" అన్నాకే మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతాను.