అవ్వ కేకకు బదులు

డంపు యార్డు గేటు దగ్గర ఉండే అవ్వ చనిపోయిందని నాకు ఫోను చేసి చెప్పినవాడు చెత్త ట్రాక్టర్ డ్రైవర్. "సారూ, అవ్వ పోయింది. రెండు దినాల సంది జరం. పొద్దుగాల గేటు తీస్తలేదని పోయి చూసినం" అన్నాడు. నేను రిటైరైన ఈ ఏడు నెలల్లో పొద్దున పూట నాకు వచ్చిన మొదటి ఫోను అది. కొలువులో ఉన్నప్పుడు తెల్లారకముందే మోగి ప్రాణం తీసేది. ఆ రోజు మోగిందని సంబరపడి ఎత్తాను. ఆ సంబరానికి ఇంకా సిగ్గుగానే ఉంది.

జహీరాబాద్‌లో మునిసిపాలిటీ జవానుగా పనిచేశాను. జవాను అంటే తుపాకీ పట్టినవాడు కాదు. ఊడ్చేవాళ్ళ, చెత్త ఎత్తేవాళ్ళ హాజరు వేసుకుని బండ్ల వెంట తిరిగే మనిషి. పదహారేళ్ళు రోజూ ఆ గేటు దాటాను, రోజూ అవ్వను చూశాను. ఆమె గురించి నాలుగు మాటలు రాయడానికి ఇంకెవరూ లేరు. పిల్లల్లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెను మోసిన నలుగురూ చెత్త బండ్ల డ్రైవర్లే. అందుకే, రాయడం రాకపోయినా రాస్తున్నాను.

ఊరి బయట ఆ చెత్తగుట్టను మీలో చాలామంది చూసే ఉంటారు. ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుని చూసి ఉంటారు. ఆ గుట్ట కింద ఉన్నది అవ్వ వాళ్ళ చేను. జొన్న, కంది పండిన చేను. ఊరు పెరిగి, చెత్త పోయడానికి జాగా వెతుకుతున్న రోజుల్లో ఆమె మామ దాన్ని మునిసిపాలిటీకి ఇచ్చేశాడు. ఇంటి కోడలిని అడిగేదెవరు? మొగుడు పోయాక ఆమెకు ఆ గేటు దగ్గరే పని దొరికింది. అలా తన చేనుకే కావలి కూచుంది, కాయడానికి పంట లేకపోయినా.

చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూచునేది. బండి రాగానే లేచి అడ్డం నిలబడేది. "ఆగు, ఏడ పోస్తున్నవ్? గా మూలకు పొయ్యకు, గది మా అత్త కూరగాయలు పెట్టిన జాగ." ముగ్గురు మనుషుల ఎత్తు చెత్త కింద అత్త కూరగాయల మడి! డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. ఒకసారి కసిరాను కూడా. "నీ అత్త వంకాయలు కుళ్ళి ఎన్నేండ్లయిందో అవ్వా, పొయ్యనియ్యి" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "ముక్కు మూసుకున్నోనికి శేను కనబడదు బిడ్డా" అంది, అంతే.

ఎండాకాలం గుట్ట లోపల మంట రాజుకునేది. పొగ పైకి రాకముందే అవ్వకు తెలిసిపోయేది. ఇనుప చువ్వ లోపలికి గుచ్చి తీసి, అరచేతి దగ్గర పెట్టి చూసి, "ఈడ కడుపుల కాలుతున్నది, ట్యాంకర్ పిలువు" అనేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నీకెట్ల తెలుస్తదే అంటే, "పిల్లకు జరమొస్తె తల్లికి తెల్వదా" అనేది. పిల్లల్లేని మనిషి ఆ మాట అంత మామూలుగా అనేది. ట్యాంకర్‌కు ఫోను కలిపేవాణ్ణి.

ఇక ఎల్లమాస సంగతి చెప్పాలి. కన్నడ సరిహద్దు కాబట్టి మా దిక్కు ఈ పండుగ గట్టిగా చేస్తారు. చలికాలంలో వచ్చే అమావాస్య అది. ఆ రోజు ఇళ్ళకు తాళాలు వేసి అందరూ చేన్లకు పోతారు. నువ్వులద్దిన సజ్జరొట్టెలు, పచ్చిగింజలూ కాయగూరలూ కలిపి వండిన బజ్జి, అంబలి మోసుకుపోతారు. తాము తినే ముందు చేనుకు తినబెట్టాలి. ఒకరు రొట్టె, బజ్జి కలిపి చల్లుకుంటూ, కేక వేసుకుంటూ హద్దు వెంట ముందు నడుస్తారు. వెనుక ఇంకొకరు చెంబుతో నీళ్ళు చల్లుతూ ఆ కేకకు బదులు పలుకుతారు. భూమి నిండు చూలాలని, కడుపుతో ఉన్న బిడ్డకు తల్లి పెట్టినట్టు పెట్టాలని పెద్దలు చెబుతారు. ఒక్కరితో అయ్యే పని కాదు, ఇద్దరు కావాలి.

అవ్వ ఒక్కతే చేసేది. చెత్తగుట్ట చుట్టూ, కుక్కలు వెంటబడుతుంటే, ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో చెంబు పట్టుకుని నడిచేది. కేక వేసేది. కాసేపు ఆగి, గొంతు మార్చి, తనే బదులు పలికేది. మొదటిసారి విన్నప్పుడు లోపల ఇంకెవరో ఉన్నారనుకుని తొంగి చూశాను. నన్ను చూసి ఆమె మొహం విచ్చుకుంది. "మంచి టైముకొచ్చినవ్ జవానూ! జర నా ఎనుక నడ్వు. ఏం లేదు, నేను కేకేస్త, నువ్వు బదులు పల్కు." డ్రైవర్లు చూస్తున్నారు. ఖాకీ చొక్కా వేసుకుని చెత్త చుట్టూ కేకలు పెడితే నా ఇజ్జత్ ఏం కావాలి? "డ్యూటీల ఉన్న అవ్వా" అన్నాను. రొట్టె చేతికిస్తే కడుపు నిండుగా ఉందన్నాను. అబద్ధం. ఆ వాసనలో ముద్ద దిగదని ఆమె మొహం మీద అనలేకపోయాను. ఆ రొట్టెను మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. ఆ తరువాత ఏటా అడిగింది. ఏటా ఏదో ఒక సాకు చెప్పాను.

రెండేళ్ళ కింద గుట్టను తవ్వి తీసేయడానికి మిషన్లు వచ్చాయి. పాత చెత్తను మందునీళ్ళు చల్లి ఆరబెట్టి, గిర్రున తిరిగే పెద్ద జల్లెడలో పోస్తారు. మట్టి ఒక దిక్కు, ప్లాస్టిక్ ఒక దిక్కు, రాళ్ళు ఒక దిక్కు పడతాయి. అవ్వ తన కుర్చీని జల్లెడ ఎదుటికి మార్చుకుంది. "చెత్తకు తల్లిగారిల్లు లేదు బిడ్డా. అందరిండ్లల్ల పుట్టి నా శేన్ల పడ్డది. పోనీ పాపం" అనేది. మిషను నడిపేవాణ్ణి మాత్రం సతాయించేది. "కింద మా హద్దురాయి ఉంటది. చూసుకోని తవ్వు."

అతను చూసుకోలేదు. రాయి మిగతా బండలతోపాటు కుప్పలో కలిసిపోయింది. అవ్వ మూడు రోజులు ఆ కుప్ప చుట్టూ తిరిగింది. మూడో రోజు నేనూ వెతికాను, ఆమె మీద ప్రేమతో కాదు, దారికి అడ్డం ఉండి బండ్లు ఆపుతోందని. దొరికింది. మోకాలెత్తు రాయి, పైన ఒక కన్నం. ఆ కన్నంలో వేలు పెట్టి, "ఇదే, మా ఎద్దును ఈడనే కట్టేసేటోళ్ళం" అంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. రాయిని కడిగి, పసుపు పూసి, అప్పటికి చెత్త పోయి తేలిన మూలలో మళ్ళీ పాతించుకుంది.

పోయిన ఏటి ఎల్లమాస నాటికి ఆ మూల ఓ అరెకరం నేల బయటపడింది. నల్లగా ఉంది. అక్కడక్కడా ప్లాస్టిక్ ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పండుగ ముందు రోజు అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "రేపు రా బిడ్డా. ఇన్నేండ్లు చెత్తకు తినబెట్టిన. రేపు నేలకు పెడ్త. రేపన్న ఇద్దరం గావాలె." వస్తానని మాటిచ్చాను. మరునాడు పెద్ద సార్లు వస్తున్నారని కబురొస్తే ఆఫీసులో ఉండిపోయాను. నిజం చెప్పాలి కదా, వాళ్ళు పదకొండింటికే వెళ్ళిపోయారు. నేను అప్పుడైనా పోగలిగేవాణ్ణే. పోలేదు.

పండుగ మరునాడు పొద్దున గేటు దగ్గర ఆమె ఎదురుపడింది. నేనే గొణిగాను. "వచ్చే ఏడు శేను మొత్తం తేలుతది అవ్వా, అప్పుడు గట్టిగ చేద్దాం, ఫికర్ చెయ్యకు." "సరే బిడ్డా" అని, గుడ్డ విప్పి రొట్టె ఇచ్చింది. రాత్రి గడిచిన రొట్టె, అట్టలా ఉంది. ఆమె ముందే నిలబడి మొత్తం తిన్నాను. ఆమె నా నోటి దిక్కే చూస్తూ ఉంది. పదహారేళ్ళలో నేను ఆమెకు చేసిన మంచి అదొక్కటే.

నేను రిటైరయ్యాక చేను మొత్తం తేలిందని విన్నాను. చూడటానికి పోలేదు. ఆ నేల గట్టిపడ్డాక పార్కు చేస్తారట, నడిచే బాటలు వేస్తారట. ఆ మాట చెబితే అవ్వ, "మంచిదే, మనుషులు తిరిగితె నేల ఖుషీగ ఉంటది" అందని ట్రాక్టర్ డ్రైవర్ చెప్పాడు. జవాను సారు ఎల్లమాసకు వస్తడా అని కూడా అడిగిందట.

మొన్న ఎల్లమాస వచ్చింది. ఆమె పోయి అప్పటికి ఇరవై రోజులు. మా ఇంట్లోనూ నేనొక్కణ్ణే. రొట్టె కొట్టేవాళ్ళు లేరు. ముందు రోజే హోటల్లో కొనిపెట్టుకున్నాను. పండుగ పూట ఆటోలు ఉండవు. ఒక సంచిలో రొట్టెలు, చెంబు పెట్టుకుని నడిచే పోయాను.

గుట్ట లేదు. చదునైన నేల, దాని మీద బాటల కోసం పోసిన సున్నపు గీతలు. ఇంత చిన్న చేనా అనిపించింది. గేటు దగ్గర చెంబు నింపుకుని, హద్దురాయి దగ్గర మొదలుపెట్టి రొట్టె తుంచి చల్లాను. కేక వేద్దామని నోరు తెరిచాను. రాలేదు. ఆ కేక ఆమెది. నన్ను ఆమె అడిగింది బదులే. అందుకని ప్రతి మూలలోనూ, ఆమె కేక ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి, నీళ్ళు చల్లి, బదులు పలికాను. ముందు ఎవరూ లేని ఆ కాసేపు ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె ప్రతి ఏడూ దాంట్లో నిలబడింది, నేను గేటు దగ్గర నిలబడి చూస్తుండగా.

కొత్తగా వచ్చిన కావలివాడు గేటు దగ్గర నుంచి అరిచాడు. "ఎవర్తోని మాట్లాడ్తున్నరు సారూ?"

"అవ్వతోని" అన్నాను.

చుట్టు తిరిగి మళ్ళీ హద్దురాయి దగ్గరికి వచ్చేసరికి చెంబులో గుక్కెడు నీళ్ళు మిగిలాయి. రాయి మీద పోశాను. పైనున్న కన్నంలో కొన్ని నిలిచాయి. అవి ఇంకిపోయేదాకా అక్కడే కూచుని, మిగిలిన రొట్టె తిన్నాను.