అక్క తల, అరవై నాలుగు దిక్కులు

స్కానింగు గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియనును ఆసుపత్రిలో అందరూ కదలొద్దుగారు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దాని అవసరం ఎవరికీ పడలేదు. మనుషులను సొరంగంలాంటి యంత్రంలోకి పంపి, అద్దానికి ఇవతల కూర్చుని, "చాలా బాగా చేస్తున్నారు, ఇంకో ఐదు నిమిషాలే, కదలొద్దు" అని మైకులో మెత్తగా అనడం ఆయన వృత్తి. ఎంతటి కంగారు మనిషైనా తన గొంతు వింటే బొమ్మలా పడుకుంటాడని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే భాగ్యం సొంత అక్కకు దక్కింది.

అక్క నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఆమె నోరు మాత్రం రిటైరవలేదు. ఈమధ్య వాక్యం సగంలో మాట తడబడుతుంటే పరీక్షలు చేయించారు. మెదడులో ఎడమవైపు చిన్న గడ్డ. తీసేయవచ్చు. కానీ మాటకు సంబంధించిన నరాల పోగులు దానికి ఏ పక్కనుంచి పోతున్నాయో తెలియకుండా కత్తి పెడితే గడ్డతోపాటు మాటా పోవచ్చు. ఆ దారి చూపే పటం తీయాల్సింది తమ్ముడే.

మెదడులోని నీరు పోగుల వెంట సులువుగా జారుతుంది, అడ్డంగా అంత సులువుగా పోదు. ఆ జారుడును యంత్రం అరవై నాలుగు దిక్కుల్లో కొలిస్తే, ఏ పోగు ఎటు పోతోందో కంప్యూటరు రంగు దారాలుగా గీస్తుంది. తల రెండు మిల్లీమీటర్లు కదిలితే చాలు, దారాలన్నీ చిక్కుపడతాయి.

"పదకొండు నిమిషాలు మాట్లాడకుండా, కదలకుండానా?" అన్నాడు బావ. "ముప్పై ఐదేళ్ళలో నావల్ల కాలేదు. నీ మిషన్ ఆ పని చేసిందంటే చెప్పు, ఒకటి ఇంటికి తీసుకెళ్తాను."

"మీరు బయట కూర్చోండి," అంది అక్క.

తలకు రెండువైపులా స్పాంజి ముక్కలు దోపి, పంజరంలాంటి మూత బిగించాడు తమ్ముడు. మొదటిసారి తీసింది చెడిపోయింది. రెండోసారీ అంతే. రెండు నిమిషాలు బుద్ధిగా ఉండటం, ఉన్నట్టుండి తల కిందికీ పైకీ.

"అక్కా, ఎందుకు కదుల్తున్నావు?"

"నేనెక్కడ కదిలానురా?"

"తల ఊపుతున్నావు."

"నువ్వేదో చెప్తున్నావు కదా. నోరు తెరవొద్దన్నావు. మరి విన్నానని నీకు తెలియొద్దూ? మనిషి మాట్లాడుతుంటే రాయిలా పడుకోమంటావా?"

"సరిగ్గా అదే."

"అమ్మ మనల్ని అలా పెంచలేదు."

కదలొద్దుగారు తన మైకు వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో చెడిపోయిన స్కానింగుల్లో ఎన్ని ఈ మెత్తని గొంతు పుణ్యమో అన్న ఆలోచన వచ్చింది. లెక్క వేయబోయి, ఆరోగ్యం దృష్ట్యా మానేశాడు.

"ఈసారి నేనసలు మాట్లాడను. అయ్యాక నేనే వచ్చి బయటికి తీస్తాను. ఇబ్బందిగా ఉంటే చేతిలో ఆ రబ్బరు బుడ్డి నొక్కు, నాకిక్కడ గంట మోగుతుంది."

మైకు ఆపేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక బల్లమీది పెన్నులను పొడుగు ప్రకారం పేర్చాడు. పదకొండు నిమిషాలూ తల కదలికను చూపే గీత తెరమీద తిన్నగా సాగింది.

మర్నాడు సర్జన్ మేడమ్ పటం తిప్పి తిప్పి చూసింది. మాటకు సంబంధించిన ఆకుపచ్చ దారాల కట్ట గడ్డకు వెనకనుంచి, దాదాపు ఒరుసుకుంటూ వంగిపోతోంది.

"దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?"

"నీటి నడకనుబట్టి వేసిన అంచనా మేడమ్, పోగుల ఫోటో కాదు," అన్నాడు. "తల మాత్రం కదల్లేదు. దానికి నాది పూచీ."

"అయితే ముందునుంచి వెళ్తాను. వెనక అంచు కాస్త వదిలేస్తాను."

ఆపరేషనైన నాలుగోరోజు అక్క మాట్లాడింది. వాపు తగ్గాక వేగం వస్తుందని మేడమ్ ముందే చెప్పింది.

"ఏరా... ఆ కిటికీ తెర... వంకరగా... ఉంది. చూసి కూడా... ఊరుకుంటావేం?"

బావ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు, చాలాసేపు తుడిచాడు. అక్క తిట్టు ఇంత నిదానంగా, విడివిడి మాటల్లో వినడం తమ్ముడికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఒక్క మాటా తప్పిపోలేదు. వరుసా చెడలేదు. లేచి వెళ్ళి తెర లాగాడు.

"సరిపోయిందా?"

"ఇంకొంచెం... ఎడమకి."