అద్దాల మేడకు అరుగు

బందరు రోడ్డులో ఆ అద్దాల ఆఫీసు మేడ ఉంది చూశారూ, దాన్ని గీసింది నేనే. పై అంతస్తులో నిలబడితే బందరు సముద్రం కనపడేలా గీశాను.

సరే, సముద్రం కనపడదు. కృష్ణ కనపడుతుంది, కొండపల్లి వైపు థర్మల్ పొగగొట్టాలు కనపడతాయి. గీసింది కూడా ఆర్కిటెక్టు గారు. నేను ఆయన దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆయనకు నగిషీలంటే గిట్టదు. పడమటి ఎండను ఆపడానికి నిలువు కాంక్రీటు పలకలు, వాటి వెనక అద్దం, కింద ఖాళీ హాలు, అంతే. "ఖాళీయే అందమయ్యా" అనేవారు.

ఒక్క గీత మాత్రం నాది. మా వైపు పాత ఇళ్లకు వీధిలోకి అరుగుండేది. దారిన పోయేవాడెవడైనా అడక్కుండా కూర్చునేవాడు. ఇంత మేడకు అరుగు లేకపోతే ఎలా అనిపించి, హాల్లో అద్దం గోడ పొడుగునా మోకాలెత్తు గట్టు గీసేశాను.

"ఇదేంటయ్యా?" అన్నారాయన.

జనం కూర్చోవడానికి అంటే చెరిపించేస్తారు. "పూలకుండీలకండీ" అన్నాను. విసుక్కుని ఒప్పుకున్నారు. ప్లానులో కూడా అలాగే రాశాను.

మా ఆవిడ పోయాక, నేను దగ్గితే "మంచినీళ్లు తాగండి" అనేవాళ్లు ఇంట్లో లేరు. రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆ గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. లిఫ్టుల్లోంచి జనం వచ్చిపోతుంటే నాకూ ఏదో పనున్నట్టుండేది. అందరూ ఆగి పలకరిస్తారని మా పక్కింటివాళ్లకు చెప్పాను. ఒక్కరూ పలకరించలేదు.

మొన్న వెళ్తే గట్టు నిండా పూలకుండీలు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా.

"ఆ గట్టు కుండీలకేనంట కదండీ," అన్నాడు సెక్యూరిటీ అతను. "కొత్త మేనేజర్ గారు పాత ప్లాను చూసి పెట్టించారు."

"ఈ బిల్డింగు కట్టింది నేనేనయ్యా."

"గన్నవరం ఎయిర్‌పోర్టు కూడా నేనే కట్టానన్నారు గదా బాబాయ్ గారూ. పోయి అక్కడ కూర్చోకపోయారా?"

"అక్కడ టికెట్టు అడుగుతారయ్యా."

నవ్వేశాడు. అటూ ఇటూ చూసి ఒక కుండీ కిందికి దించాడు. "మేనేజర్ గారొచ్చేదాకానే."

రెండు కుండీల మధ్య కూర్చున్నాను. లిఫ్టు తెరుచుకుంది, జనం ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోయారు. సెక్యూరిటీ అతను గేటు వైపు వెళ్లాక పక్క కుండీని కూడా ఎత్తి కింద పెట్టాను.

సరే, ఎత్తలేదు. నెడితే జానెడు జరిగింది. జానెడు చోటులో ఎవరు కూర్చుంటారు? అయినా నేను ఇటు ఒదిగి కూర్చున్నాను.