పటికబెల్లం కరిగేదాకా

మొన్న అమ్రోలిలో తెలిసినవాళ్ల కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్తే, పూజయ్యాక ఆ ఇంటి కోడలు నా చేతిలో రెండు పటికబెల్లం గడ్డలు పెట్టింది. ఇక్కడి గుజరాతీవాళ్లు సాకర్ అంటారు. కళ్లకద్దుకున్నాను గానీ, నోట్లో వేసుకోవడానికి కాసేపు పట్టింది. డైటీషియన్‌వి కదా, తీపంటే భయమా అని పక్కనున్నావిడ నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆవిడకేం తెలుసు!

చదువు చివర్లో ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న రోజులవి. మమ్మల్ని కొన్నాళ్లు వార్డులో, కొన్నాళ్లు వంటశాలలో, కొన్నాళ్లు ఓపీలో తిప్పేవారు. ఆఖరున ఏ చోటు మనకు కుదురుతుందో మనమే తేల్చుకుని చెప్పాలి. నాకు వార్డులోనే గుండె జారిపోయింది. ముక్కులో గొట్టంతో ఆహారం తీసుకునే ఒక తాతకి ఏది ఎంత ఎక్కించాలో నేనే లెక్కగట్టి రాశాను. మర్నాడు వెళ్తే మంచం ఖాళీ, దుప్పటి కూడా మార్చేశారు. "నీ లెక్కలో తప్పేం లేదు బేటా, ఆయనకి టైమొచ్చింది" అని మా పెద్ద మేడం, గుజరాతీ ఆవిడ, ఎన్నిసార్లు చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. అప్పటినుంచి పెన్ను పట్టుకుంటే చాలు చెమట. మరమగ్గాల ముందు రోజంతా నిలబడి పనిచేసి నన్ను చదివించిన మా నాయనకి ఇదేం అంతుపట్టేది కాదు. "అన్నం పెట్టే సదువే గద బిడ్డా, గింత భయమేంది?" అనేవాడు. నా చదువు అన్నం తగ్గించమనే చదువని ఆయనకి చెప్పలేకపోయాను. చెప్తే ఫీజు దండగని బాధపడేవాడు. అందుకే మనసులో హజీరా వైపు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ ఖాయం చేసుకున్నాను. అక్కడ తినేవాళ్లు గట్టి మనుషులు, కూరలో ఉప్పెక్కువైతే తిడతారు, అంతేగాని చచ్చిపోరు. సోమవారం మేడంకి ఆ మాటే చెప్పాలి.

ఆ ముందు శనివారం మధ్యాహ్నం మేడం పై అంతస్తుకి వెళ్లారు. ఓపీలో నేనొక్కదాన్నే. వడోద్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుంది. మా వైపు తెలుగు మనిషే, మా నాయనలాగే భర్తది కూడా లూమ్ పని. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకున్నానంది. తిన్నావా అంటే తలూపింది. ఊపుతుండగానే ముఖమంతా చెమట, కొంగు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. తలస్నానం చేసిన తడి ముడి, నుదుట పెద్ద కుంకుమ. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఒక్కపొద్దని ఉపవాసమున్న రోజు ఆవిడా తినకుండానే డాక్టరు ముందు ఇలాగే తలూపేది.

"పెద్దమ్మా, ఇయ్యాల ఒక్కపొద్దా?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా. డాక్టర్ సాబ్ ఇంటే తిడ్తడు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒంట్లో సూదిమందు పనిచేస్తోంది, కడుపులో మెతుకు లేదు, షుగర్ పడిపోతోంది. వాచ్‌మన్‌ని నర్సు కోసం పరిగెత్తించి, నా తీపి చాయ్ ఆమె ముందుకు తోశాను. మొహం తిప్పుకుంది. "పొద్దుగూకి దీపం పెట్టందే నోట్లె ఏం పెట్టుకోను. మొక్కున్నది" అంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

అప్పుడు కనిపించింది, గుమ్మం పక్కన గణపతి పటం ముందు వాచ్‌మన్ రోజూ పెట్టే సాకర్ గిన్నె. గుప్పెడు తీసి, పేపర్ వెయిట్‌తో చితక్కొట్టి, గ్లాసు నీళ్లలో వేసి తిప్పాను. కరగదే! చెంచా టకటకలాడుతోంది. ఆ తాత ఖాళీ మంచం కళ్లముందుకొచ్చింది. ఈమె ఇక్కడే, నేను చూస్తుండగానే పోతుందనుకున్నాను. నిజం చెప్తున్నాను, పారిపోదామని గుమ్మం వైపు చూశాను కూడా.

"పెద్దమ్మా, గణపతి ప్రసాదం. ప్రసాదం గూడ వద్దంటవా?"

ఆమె దేవుడి వైపు చూసింది. చెయ్యి లేవలేదు. నేనే గ్లాసు ఆమె కళ్లకద్ది నోటికందించాను. గుక్క గుక్కగా మొత్తం తాగింది. నర్సొచ్చి వేలికి గుచ్చి చూసి, వెంటనే మేడంకి ఫోన్ చేసింది. మేడం దిగివచ్చేసరికి పెద్దమ్మ చూపు కుదురుకుంది, డాక్టరుకి చెప్పొద్దని నన్ను బతిమాలుతోంది.

"చెప్పక తప్పదు పెద్దమ్మా. తిట్టకుంట నేను చూస్త. ఒక్కపొద్దు నాడు సూది ఎంతనో ఆయన్నే అడుగుదాం" అన్నాను.

మేడం సోమవారం దాకా ఆగలేదు. సాయంత్రమే పిలిచి, ఎక్కడ పనిచేస్తావని హిందీలో అడిగారు. హజీరా అనబోయి, ఓపీలో అన్నాను.

"భయం వెయ్యదా?"

"వేస్తుంది మేడం. చాలా."

"అయితే ఇక్కడే ఉండు" అన్నారు.

ఉండిపోయాను. ఇప్పటికీ సూది వేసుకునేవాళ్లని తిన్నారా అని అడగను. ముందు ఒక్కపొద్దా అంటాను, గుజరాతీవాళ్లనైతే ఉప్‌వాస్ ఉందా అంటాను. పెన్ను పట్టుకుంటే ఇప్పుడు చెమట పట్టదు, భయం తగ్గలేదు. ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ గ్లాసులో పటికబెల్లం కరగడానికి పట్టిన కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.