పొట్లంలో ఏటుంది?

మావయ్య పోయిన కబురు అత్త ఫోనులో చెప్పింది. పొద్దున్న డయాలసిస్‌కు బయలుదేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మంచం మీద ఒరిగిపోయాడట. "మీ మావ ఎల్లిపోనాడే," అంది. నేనింకా ఏమీ అనకముందే రెండో మాట చెప్పింది. "ఆడు ఇయ్యాల కూడా కొట్టు తీసినాడు."

ఆడు అంటే భిలాయిలోని రిసాలి బజారులో మోకాళ్ల నొప్పులకు మందిచ్చే మనిషి. పేరు రాయను. అతని మీద నేనిచ్చిన ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది. డాక్టరు అని కూడా రాయను. బోర్డు మీద ఆ మాట ఉంది గానీ దాని వెనక ఏ చదువుందో నేను అడిగిన చోట ఎవరూ చూపించలేదు. విలేఖరిగా చాలా చావుల గురించి రాశాను. పగతో రాస్తున్నది ఇదొక్కటే. అందుకే ప్రతి వాక్యాన్నీ మళ్లీ సరిచూసుకున్నాను.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. సెక్టర్ 7లో మా క్వార్టరుకు దగ్గర్లోనే ఉండేవాడు. ఏటా ఎండలు మొదలవగానే వచ్చి మా కూలరు మోటారు వినేవాడు. నిజంగా వినడమే. స్క్రూడ్రైవరు మొనను మోటారుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అమ్మ నూనె డబ్బా అందించబోతే వద్దనేవాడు. "సప్పుడు ఆపడం రిపేరు కాదక్కా. ముందు అదేటి సెప్తందో ఇననీ." మోటారు మాట ఇంత బాగా వినే మనిషి పెళ్లాం మాట ఎప్పుడు వింటాడో అని అత్త దెప్పేది. నా వృత్తిలో నాకు తెలిసిన మొదటి పాఠం అదే. నూనె పోసే ముందు వినడం.

ఇలాంటి మనిషి తన మోకాలి చప్పుడు మాత్రం ఆపించుకున్నాడు.

ఎందుకో ప్లాంటులో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిల్లు నడుస్తుండగా బేరింగు మూలిగితే వెంటనే ఆపరు. గ్రీజు దట్టించి, మిల్లు మొత్తం ఆపే తర్వాతి షట్‌డౌన్ దాకా లాగిస్తారు. అప్పుడు విప్పి మారుస్తారు. మావయ్య తన మోకాళ్లకూ అదే పద్ధతి పెట్టుకున్నాడు. ప్లాంటు ఆసుపత్రిలో చూపిస్తే అన్‌ఫిట్ అని మిల్లు నుంచి మార్చేస్తారని భయం. రిటైర్మెంటే తన షట్‌డౌన్ అనీ, అప్పుడు కీళ్లు మార్పించుకుంటాననీ, అందాకా నడిస్తే చాలనీ అనేవాడు.

అప్పుడే ఆ మనిషి దొరికాడు. అతనూ శ్రీకాకుళం వైపువాడే. "ఏటి మావా, కాలు ఈడుస్తన్నావ్?" అన్నాడట చూడగానే. గడప దాటితే హిందీ తప్ప వినపడని చోట సొంత యాస చెవిన పడితే మనవాళ్లు మందు పేరు అడగరు. మావయ్యా అడగలేదు. పేరులేని కాగితం పొట్లంలో పొడి. మన కొండల మూలికలు అన్నాడు అతను. కొద్ది రోజుల్లోనే మావయ్య మిల్లు మెట్లు చకచకా ఎక్కడం మొదలుపెట్టాడు. అలా ఏళ్ల తరబడి వాడాడు.

రిటైరయ్యాక కీళ్ల మార్పిడికి వెళితే ముందు రక్తపరీక్షలు చేశారు. మూత్రపిండాలు చాలావరకు పాడయ్యాయి. ఆ స్థితిలో మత్తు ఇవ్వలేమన్నారు. ఇంట్లో మిగిలిన పొట్లాన్ని నేను పరీక్ష చేయించాను. మూలికలు కావు. రెండు రకాల నొప్పి మాత్రలు, ఒక స్టిరాయిడ్, నూరి కలిపినవి.

ఇవి మోకాలికి ఏం చేస్తాయని రాయపూర్‌లో ఒక ఎముకల వైద్యురాలిని అడిగాను. కీలులో మనం గుజ్జు అనేది రబ్బరు ముక్క కాదంది. అందులో ప్రాణమున్న కణాలుంటాయి, దూరం దూరంగా, ఎవరి గదిలో వాళ్లున్నట్టు. చుట్టూ ఉన్న గుజ్జును తయారుచేసేదీ బాగుచేసేదీ అవే. అక్కడికి రక్తనాళం వెళ్లదు, నరం వెళ్లదు. అందుకని గుజ్జు తన అరుగుదల తాను చెప్పుకోలేదు. పక్కనున్న పొర వాచి, ఎముక నొచ్చి, దాని తరఫున చెబుతాయి. వాపు తగ్గించే మందు ఆ నోరు మూయిస్తుంది. వైద్యుల కళ్లెదుట, కొద్దికాలం అయితే అది మేలే, ఎందుకంటే వాపు కూడా ఆ కణాలను తింటుంది. మందులన్నీ ఒకటి కావని కూడా చెప్పింది. ప్రయోగశాలలో కొన్ని ఈ కణాల పనిని మందగింపజేసినట్టు కనిపించాయి, కొన్ని అలా కనిపించలేదు. మనుషుల్లో ఆ సంగతి ఇంకా తేలలేదు. స్టిరాయిడ్ పెద్ద మోతాదులో పదేపదే తగిలితే మాత్రం కణాలు గుజ్జు చేయడం తగ్గిస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. పోయిన చోట కొత్తవి పుట్టడం అరుదు. పైగా నొప్పి తెలియని కాలు బరువు మోస్తూనే ఉంటుంది.

ఆ మోకాళ్లను వయసు ఎంత తిన్నదో, మిల్లు ఎంత తిన్నదో, పొట్లం ఎంత తిన్నదో విడదీసి చెప్పలేనంది. నేనూ చెప్పను. మూత్రపిండాల సంగతిలో మాత్రం ఆసుపత్రివాళ్లు తటపటాయించలేదు.

ఇదంతా చెప్పినప్పుడు మావయ్య మోకాలి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "బేరింగైతే స్టోర్లో దొరుకుద్ది," అన్నాడు.

ఆ వారంలోనే ఇనుప గొట్టాలతో ఒక స్టూలు వెల్డింగ్ చేయించాడు. కాళ్లు వంగవు కాబట్టి మామూలు స్టూలు కంటే ఎత్తు. డయాలసిస్ లేని సాయంత్రాల్లో దాన్ని ఆ కొట్టుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల వేసుకుని, ప్యాంటు పైకి మడిచి, వంకరపోయిన మోకాళ్లు బయటపెట్టి కూర్చునేవాడు. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. లోపలికి వెళ్లేవాళ్లకు ఒకటే చెప్పేవాడు, పొట్లంలో ఏముందో అడిగి తీసుకోమని.

వినేవాళ్లు తక్కువ. తల్లిని స్కూటరు మీద తెచ్చిన ఒకతను నవ్వాడు. "అంకుల్, దర్ద్ తో జాతా హై నా?" నొప్పి పోతోంది కదా అని.

"జాతా హై బేటా," అన్నాడు మావయ్య. "ఘుట్నా భీ సాథ్ మే జాతా హై." దాంతోపాటు మోకాలూ పోతుందని. ఆ తల్లి లోపలికే వెళ్లింది. మావయ్య మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఒకరోజు నేను పక్కనుండగా ఆ మనిషే రోడ్డు దాటి వచ్చాడు, చేతిలో మావయ్యకని టీ గ్లాసు.

"మనం మనం ఒకూరోళ్లం మావా. నలుగురిలో ఏటిది?"

"ఒకూరోడివనే కదరా నమ్మినాను." మావయ్య గ్లాసు అందుకోలేదు. "ఆ పొట్లంలో ఏటుందో సెప్పు. లేసెళ్లిపోతాను."

అతను నా వైపు చూశాడు. నా ఉద్యోగం ఏమిటో అతనికి తెలుసు. టీ గ్లాసుతోనే వెనక్కి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి నడుస్తుంటే మావయ్య గమనించాడు. "కోపం ఏడిగా ఉన్నప్పుడు పట్టుకుంటే సెయ్యి కాలుద్ది కోడలా. సల్లార్సి పట్టుకో."

చల్లార్చే పట్టుకున్నాను. పరీక్ష ఫలితాలతో ఫిర్యాదు ఇచ్చాను. సంబంధిత అధికారి చూస్తామన్నారు. మళ్లీ వెళ్లాను, చూస్తున్నామన్నారు. ఇంకా వెళతాను. నాకు తొందర లేదు. ఆ షట్టరు చివరిసారి దిగే రోజున అక్కడ నిలబడి చూడాలి, అంతే. అతన్ని క్షమించమని చెప్పేవాళ్లు వచ్చారు. వాళ్లకు టీ ఇచ్చి పంపించాను.

పెద్దకర్మ కాకుండా అత్త గడప దాటకూడదని ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు చెప్పారు. ఆమె తలూపింది. సాయంత్రం మావయ్య ఫొటో ముందు దీపం వెలుగుతోంది, అత్త లేదు. వరండాలో స్టూలూ లేదు.

నేను బజారుకు వెళ్లేసరికి ఆమె కొట్టుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మనిషి బయటికొచ్చి, చూసి, షట్టరు సగం దించాడు. అత్త స్టూలు దిగింది. దాన్ని రోడ్డు వైపు మరో అడుగు జరిపి, రెండు చేతులూ ఆనించి మళ్లీ ఎక్కింది. ఆమె పొట్టి మనిషి. మావయ్య కాళ్ల కొలతకు చేసిన ఆ స్టూలు మీద ఆమె పాదాలు నేలకు అందక గాలిలో వేలాడుతున్నాయి.